బాయి

1996లో నాకు టీచరుగా తొలి పోస్టింగు ఆసిఫాబాద్ అవతల, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో వచ్చింది. గోదావరిఖనిలో బొగ్గు కార్మికుడి బిడ్డగా పుట్టి, కరీంనగర్‌లో చదువుకున్న నాకు గోదావరి దాటి అంత లోపలికి పోవడం అదే మొదలు. చేరిన రెండో రోజు మూడో తరగతి పిల్ల ఒకతి లేచి నిలబడి "బాయీ, నీళ్ళకు పోత" అన్నది. "ఏ బాయికి?" అని అడిగాను. తరగతంతా నవ్వింది. అడిగిన పిల్ల మాత్రం భయపడి కూర్చుంది.

మధ్యాహ్నం తోటి టీచరొకామె విడమరిచి చెప్పింది. మరాఠీ బళ్ళల్లో పంతులమ్మను "బాయి" అని పిలుస్తారు. సరిహద్దు ఊళ్ళు కాబట్టి ఆ పిలుపు ఇక్కడికీ వచ్చింది. ఆ పిల్ల పిలిచింది నన్ను. నేను విన్నది నీళ్ళ బాయిని.

ఆ వారమే హాజరు పట్టీ కొత్తగా రాయాల్సి వచ్చింది. ఆడపిల్లల పేర్లలో చాలావరకు "బాయి"తోనే ముగుస్తున్నాయి. గోండు పిల్లలు, లంబాడీ పిల్లలు, ఇంట్లో మరాఠీ మాట్లాడే పిల్లలు. బాయి అంటే మన "గారు" లాంటిదే కదా, పేరులో భాగం కాదు కదా అనుకున్నాను. పట్టీ శుభ్రంగా ఉండాలని ఆ బాయిలన్నీ కత్తిరించి రాశాను. ఎవరూ నన్ను అట్లా రాయమనలేదు. అది నా సొంత తెలివి. ఆ తెలివి ఎవరికి ఎట్లా తగిలిందో చివర్లో చెప్తాను.

అప్పటినుంచి ఈ రెండక్షరాల మాట నన్ను వదల్లేదు. మా కరీంనగర్‌లో బాయి అంటే ఒకటి, మా గోదావరిఖనిలో ఇంకొకటి, గోదావరి దాటితే మరొకటి. భాషాశాస్త్రం నేను చదువుకోలేదు. తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని. కాని స్త్రీల చరిత్ర వెతకాలంటే శాసనాల్లోనూ దస్తావేజుల్లోనూ దొరికేది తక్కువని మనకు తెలుసు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చినప్పుడు ముసలి ఆడవాళ్ళ నోటి మాటల్నే ఆధారంగా తీసుకున్నారు. నోటిమాట ఆధారమైనప్పుడు, ఆ నోట్లో రోజూ నలిగే ఒక్క పదమూ ఆధారమే అవుతుందని నాకు అనిపిస్తుంది.

ముందు నీళ్ళ బాయి సంగతి. దీని పుట్టుక తేటగానే ఉంది. సంస్కృతంలో వాపి. గుజరాతీలో అది వావ్ అయింది, హిందీలో బావడీ, బావలీ అయింది, కన్నడంలో, తెలుగులో బావి అయింది. మన సొంత ద్రావిడ మాట నుయ్యి. కోస్తాలో నూతి దగ్గర అంటే ఇంకా అర్థమవుతుంది. మా వైపు ఆ మాట వినపడదు. బావిలో ఉన్న వకారం మా నోళ్ళల్లో కరిగి బాయి అయింది. రవిక రైక అయినట్టే. "బాయి అనకు, బావి అను" అని నాకు బళ్ళో చెప్పారు, నేనూ పిల్లలకు చెప్పాను. రవికను రైక అన్నందుకు, బావిని బాయి అన్నందుకు మా అవ్వల నోళ్ళను మొరటు నోళ్ళు అనడం ఎంత అన్యాయమో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

కరీంనగర్ పల్లెల్లో బాయి అంటే నీళ్ళున్న గుంత మాత్రమే కాదు. "బాయికాడికి పోయిండు" అంటే నీళ్ళకు పోయాడని కాదు, పొలానికి పోయాడని. చెరువు కింద తరి పొలం లేనివాళ్ళకు బాయే సాగు, బాయే బతుకు. బాయి ఉన్న ఇల్లు అంటే పిల్లనియ్యదగిన ఇల్లు. "మా బాయి", "మా పెద్దబాపోళ్ళ బాయి" అని చెప్పుకునేవాళ్ళంతా మగవాళ్ళు. అందులోంచి నీళ్ళు తోడేవాళ్ళు మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళు. పొలంలో మోటబాయి మగవాడి ఆస్తి. ఊళ్ళో చేదబాయి ఆడదాని చాకిరి. మోట కొట్టేది మొగోడైతే ఆ పారిన నీళ్ళను మళ్ళకు మలిపేది, ఆ మళ్ళల్లో నాటేసేది, కలుపు తీసేది ఆడవాళ్ళు. అయినా బాయి మీద ఆడపేరు నేనెన్నడూ వినలేదు.

చేదబాయి కూడా అందరు ఆడవాళ్ళదీ కాదు. మాది నీళ్ళు ముట్టుకోనిచ్చే కులం. మా బాపమ్మ ఊళ్ళో ఊరబాయి గద్దె మీదికి మాదిగ ఆడవాళ్ళు రాకూడదు. కుండలు కింద పెట్టి నిలబడితే, ఎవరికైనా దయ కలిగితే ఎత్తు నుంచి పోసేవాళ్ళు. సెలవులకు పోయినప్పుడు చేదడం సరదాగా ఉండి, నేనూ అట్లా పైనుంచి పోశాను. పోసినందుకు మంచిదాన్నని మెచ్చుకున్నారు కూడా. స్త్రీలందరిదీ ఒకే బాధ అని సభల్లో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఆ గద్దె గుర్తుకొస్తుంది. ఒకే గిరక, ఒకే చేద, ఒకే తాడు. కాని గద్దె మీద నిలబడ్డ ఆడది వేరు, కింద నిలబడ్డ ఆడది వేరు.

బాయికీ ఆడదానికీ మధ్య ఒక మంగళకార్యం ఉంది. కాన్పయిన ఇరవై ఒకటో రోజున బాలింతను బాయికాడికి తీసుకుపోతారు. బాయికి పసుపు, కుంకుమ పెట్టించి, చేద వేయించి, నీళ్ళు తోడిస్తారు. తల్లీ బిడ్డా గట్టునపడ్డారన్న సంతోషం అందులో ఉంది. ఇక రేపటినుంచి నీ పని నువ్వు చేసుకో అనే హుకుం కూడా ఉంది. మా అవ్వ మా తమ్ముడి పురుట్లో చేద వేసిన నాడే రెండు బిందెలు మోసుకొచ్చిందట. "పూజ జేసినమని బాయి నీళ్ళు మోసియ్యదు గద బిడ్డా" అనేది.

ఇంకొక వాక్యం ఉంది. "బాయిల పడ్డది."

మా మేనత్త, మా బాపుకు పెద్దక్క, మొగుడితో పొసగక పుట్టింటికి తిరిగొచ్చింది. పన్నెండేళ్ళు ఆ బాయికాడనే పనిచేసింది. మోట కొట్టడం మొగోళ్ళ పని అంటారు గాని మా తాత మంచాన పడ్డంక మోట కూడా ఆమే కొట్టింది. 1981లో ఒక తెల్లవారి ఆమె ఆ బాయిలోనే దొరికింది. ఇంట్లో అందరూ "బాయిల పడ్డది" అన్నారు. ఇప్పటికీ అంతే అంటారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. కాలుజారి పడ్డదనే అనుకున్నాను. పెద్దయ్యాక ఆ క్రియాపదాన్ని గమనించడం మొదలుపెట్టాను. మగవాడు చనిపోతే ఎందుకు చనిపోయాడని అడుగుతారు. ఆడది "పడ్డది" అంటే అడగాల్సిన ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. ఆ ముందు రోజు వదినతో మాట మీద మాట పెరిగిందని, "నీకిక్కడ ఏమున్నది" అన్నారని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆ మాట అన్నవాళ్ళకు చట్టం బలం కూడా ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా వాటా ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అది కూడా అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకే. మా మేనత్తకు అది నాలుగేళ్ళు ఆలస్యం. నలభై ఏళ్ళ వయసున్న పెళ్ళైన మనిషి కాబట్టి, బతికి ఉన్నా ఆమెకు వర్తించేది కాదు.

అదే బాయి బొగ్గు ఊళ్ళకు వచ్చేసరికి అర్థం మార్చుకుంది. కాగితం మీద గని అంటారు. గోదావరిఖనిలో ఉన్న ఖని కూడా అదే మాట. కాని బెల్లంపల్లిలో, మందమర్రిలో, గోదావరిఖనిలో కార్మికుడి ఇంట్లో గని అనే మాట నేను వినలేదు. బొగ్గుబాయి, లేదా ఉత్త బాయి. "ఏ బాయి మీద జేస్తడు?" "ఫస్టు షిఫ్టుకు బాయి దిగిండు." మేనేజరు బాయిదొర. ఎందుకు బాయి అన్నారో ఊహించడం కష్టం కాదు. భూమిని తొలిచి లోపలికి దిగేది ఏదైనా పల్లెటూరి రైతుకు బాయే. వ్యవసాయ బాయి ఎండిపోయి పొట్ట చేతబట్టుకొని వచ్చినవాడు, తనకు తెలిసిన మాటనే కొత్త పనికి తొడిగాడు. మా బాపు అట్లా వచ్చి తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపాడు.

ఆ చరిత్ర తారీఖులు అందరికీ తెలిసినవే. ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టారు. 1889 నుంచి బొగ్గు తీశారు. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. 1920ల చివరికి బెల్లంపల్లిలో, 1960ల మొదట్లో గోదావరిఖనిలో బాయిలు తెరుచుకున్నాయి. ఈ చరిత్రలో ఆడవాళ్ళెక్కడ అని అడిగితే, బాయిలోపల లేరు అన్నది జవాబు. ఎందుకు లేరు అన్నదానికి మాత్రం ఒక కథ ఉంది.

రాణీగంజ్, ఝరియాల్లో ఒకప్పుడు ఆడవాళ్ళు బాయిలోపల పనిచేశారు. మొగుడు బొగ్గు కొడితే పెళ్ళాం తట్టలోకెత్తి మోసేది. వాళ్ళను కామిన్‌లు అనేవాళ్ళు. 1929లో వాళ్ళను దశలవారీగా లోపలినుంచి తప్పించే నిబంధనలు బ్రిటిష్ ఇండియాలో వచ్చాయి. 1935లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఆడవాళ్ళను భూగర్భంలోకి దించగూడదని ఒప్పందం చేసింది. 1930ల చివరికి నిషేధం పూర్తయింది. అది ఆడవాళ్ళ మీది కనికరమేనని అనుకుందామంటే, 1943లో యుద్ధానికి బొగ్గు కావలసి వచ్చి, కూలీలు దొరక్క, అదే సర్కారు ఆ నిషేధాన్ని ఎత్తేసి ఆడవాళ్ళను మళ్ళీ లోపలికి దింపింది. యుద్ధం అయిపోయాక 1946లో మళ్ళీ బయటికి పంపింది. స్వతంత్రం వచ్చాక 1952 గనుల చట్టం 46వ సెక్షను స్త్రీలు భూగర్భంలో పనిచేయగూడదని, పైన కూడా పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు మధ్యనే చేయాలని రాసింది.

ఆ చీకట్లో, ఆ ఉక్కలో, కప్పు ఎప్పుడు కూలుతుందో తెలియని చోట పనిచేయడం హక్కు అని నేను పాట పాడబోవడం లేదు. మా బాపు దగ్గు వింటూ పెరిగినదాన్ని. నేను అడిగేది వేరే. లోపలికి దిగినవాడికే జీతం, క్వార్టరు, నౌకరి అన్న మర్యాద ఉన్న ఊళ్ళో, దిగడానికి వీల్లేని మనిషి ఏమవుతుంది? బాయివాడి పెళ్ళాం అవుతుంది, బాయివాడి తల్లి అవుతుంది, బాయివాడి విధవ అవుతుంది. ఊరంతా బాయి పేరుమీద నిలబడితే ఆడదానికి ఆ బాయితో ఉన్నది మొగవాడి ద్వారా వచ్చిన చుట్టరికమే.

అది నౌకరి వారసత్వంలో మరింత తేటగా కనపడుతుంది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలో ఆశ్రితులు ఎవరో ఒక జాబితా ఉంది. భార్య లేదా భర్త, పెళ్ళికాని కూతురు, కొడుకు, దత్తపుత్రుడు. వీళ్ళెవరూ లేకపోతే తమ్ముడో అన్నో, విధవరాలైన కూతురో కోడలో, ఇంట్లోనే ఉండి పోషణలో ఉన్న అల్లుడు. ఇంకోసారి చదవండి. అల్లుడున్నాడు. పెళ్ళైన కూతురు లేదు. కూతురు మెళ్ళో తాళి పడగానే ఆమె హక్కు ఆ తాళి కట్టినవాడి చేతికి పోతుంది. ఈ తేడా చెల్లదని తర్వాత హైకోర్టులో తీర్పు వచ్చింది. కాని అంతకు ముందే ఎన్నో పెళ్ళిళ్ళు ఆ జాబితా మీదే కుదిరాయి. మా తమ్ముడు చిన్నప్పుడే పోయాడు. మా బాపు నౌకరి మా చెల్లె మొగుడికి వచ్చింది. అంటే మా చెల్లె కట్నం అదే. పదో తరగతి పాసైన మా చెల్లె, అతని టిఫిను కట్టి ఆ బాయికి పంపింది. తర్వాత ఆ కాపురం నిలవలేదు. నౌకరి అతనితో వెళ్ళింది. చెల్లె మాతోపాటు ఉండిపోయింది, మా మేనత్త లాగానే. తేడా ఒక్కటే, మేం ఆమెను "నీకిక్కడ ఏమున్నది" అని అడగలేదు.

బొగ్గుబాయి ఎంత దూరం పోయినా నీళ్ళ బాయి లక్షణం వదులుకోలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో నెంబరు ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు ముంచెత్తి 17 మంది చనిపోయారు. బయట వేచి ఉండే పని ఆడవాళ్ళది. బాయిలోపలికి రాకూడదన్న చట్టం బాయి గడ్డ మీద ఏడవకూడదని అనలేదు కదా. ఆ తర్వాత ఓపెన్‌కాస్టులు పెరిగాయి. లోపలికి దిగే బాయి పోయి, ఊళ్ళకు ఊళ్ళనే తవ్వేసే గుంతలు వచ్చాయి. వాటిని జనం బొందలగడ్డలు అన్నారు. మా బాపమ్మ ఊరి భూములు కూడా ఒక ఓపెన్‌కాస్టు కింద పోయాయి. చెట్లకూ బాయికీ విలువ కట్టారు. మా మేనత్త మోట కొట్టిన బాయికి, ఆమె పడ్డ బాయికి వచ్చిన డబ్బును మా ఇంటి మగవాళ్ళు పంచుకున్నారు. పంచుకునేటప్పుడు ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు. ఒక బాయి ఇంకొక బాయిని మింగేసింది, రెంటిలోనూ ఆమె లేదు.

ఇప్పుడు గోదావరి దాటుదాం. ఆదిలాబాద్ వైపు బాయి అంటే మనిషి. ఆడమనిషి. కిన్వట్, రాజురా తాలూకాలు 1956 దాకా ఈ జిల్లాలోవే. రాష్ట్రాల గీతలు మారినా నోళ్ళల్లో భాషలు కలిసే ఉన్నాయి. ఈ బాయికి నీళ్ళ బాయితో ఏ చుట్టరికమూ లేదు. వాపి నుంచి వచ్చింది కాదు. ఇంట్లో పెద్ద ఆడమనిషిని పిలుచుకునే పిలుపు. ఆయీ, తాయీ, బాయి, ఇవన్నీ మరాఠీ ఇళ్ళల్లో ఒకే గడపలో తిరిగే మాటలు. రాజస్థాన్‌లో ఇంటి ఆడపడుచును బాయీసా అంటారు. అక్కడి మూలాలున్న మన లంబాడీ తండాల్లోనూ బాయి అంటే తోబుట్టువు. గోండీ మన తెలుగుకు దగ్గరి ద్రావిడ భాషే అయినా, పక్కింటి మరాఠీ నుంచి ఈ గౌరవాన్ని తెచ్చుకుని తమ ఆడపిల్లలకే కాదు, దేవతకూ పెట్టింది. కెరమెరి మండలం మహారాజ్‌గూడ అడవిలో గుహలో ఉండే జంగుబాయి దగ్గరికి పుష్యమాసంలో రెండు రాష్ట్రాల గోండులూ వస్తారు. అదే మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం ఆడపడుచులూ కోడళ్ళూ కొత్త కుండల్లో నీళ్ళు తెస్తారు, ఆ నీళ్ళతో పుట్టలు చేస్తారు. నీళ్ళు తేవడం అక్కడ చాకిరిగా కాక, వంశంలో తన చోటు చెప్పుకునే పనిగా కనిపించింది నాకు. అక్కడ కూడా పెత్తనం మగవాళ్ళదే అని తెలుసు. అయినా కుండతో నడిచే ఆ ఆడవాళ్ళ పేర్ల చివర బాయి అని వింటుంటే, మా వైపు నీళ్ళు మోసే ఆడవాళ్ళను గురించి కొత్తగా ఆలోచించాల్సి వచ్చింది.

ఈ బాయి ఒకప్పుడు ఎంత పైన ఉన్నదో చూడండి. ముక్తాబాయి, జనాబాయి, మీరాబాయి, జిజాబాయి, అహల్యాబాయి. 1848లో పుణేలో ఆడపిల్లలకు బడి పెట్టి పాఠం చెప్పిన సావిత్రీబాయి. 1882లో "స్త్రీ పురుష తులన" రాసిన తారాబాయి షిండే. పండిత రమాబాయి. మరాఠీ పిల్లలు పంతులమ్మను బాయి అంటారని విన్నప్పుడు నాకు గుర్తుకు రావలసింది సావిత్రీబాయి. నాకు గుర్తొచ్చింది చేంతాడు. 1868లో ఫూలే దంపతులు తమ ఇంటి నీళ్ళ తొట్టిని అంటరానివాళ్ళకు తెరిచారు. బాయి అన్న పేరు పెట్టుకున్న మనిషి తన ఇంటి నీళ్ళకు గద్దె లేకుండా చేసింది. మా ఊరబాయి గద్దె మీద నేను కుండల్లోకి పైనుంచి పోసింది అది జరిగిన వందేళ్ళ తర్వాత.

మరి ఆ పేరు కిందికి ఎట్లా జారింది? దానికీ ఒక దారి ఉంది. పాడే ఆడవాళ్ళూ ఆడే ఆడవాళ్ళూ కూడా తమ పేర్ల చివర బాయి పెట్టుకున్నారు. హైదరాబాద్‌లో మహ్‌లకాబాయి చందా (1768-1824) ఉర్దూలో దీవాన్ ఉన్న తొలితరం కవయిత్రుల్లో ఒకరు. జాగీర్లు ఏలింది. మౌలాలి గుట్ట కింద తన తల్లి రాజ్‌కన్వర్ బాయికి కట్టించిన సమాధి ఆవరణలో ఒక మెట్లబాయి కూడా ఉంది. ఆ ఒక్క చోట రెండు బాయిలూ కలిసి కనిపిస్తాయి. ఆడదాని పేరుతో ఉన్న బాయిని నేను చూసింది అక్కడే. కాని ఆమె వృత్తి ఆమె పేరును వెంటాడింది. మర్యాదస్తుల ఇళ్ళు ఆ పిలుపును దూరం పెట్టాయి. అఖ్తరీబాయి ఫైజాబాదీ 1945లో ఒక బారిస్టరును పెళ్ళి చేసుకున్నాక బేగం అఖ్తర్ అయింది. ఆమె గొంతు అదే. పేరులోంచి బాయిని తీసేస్తే గాని మర్యాద రాలేదు.

ఇంకొక దారి ముంబయికి పోతుంది. మా జిల్లా నుంచి, సిరిసిల్ల నుంచి, జగిత్యాల నుంచి బతకపోయిన వాళ్ళు భివండిలో మగ్గాల మీద, ముంబయిలో కట్టడాల మీద ఉన్నారు. వాళ్ళ ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి పోతారు. అక్కడ వాళ్ళ పేరు బాయి. "బాయి రాలేదు", "బాయిని మాన్పించాను." మా పక్కింటి లచ్చవ్వ పద్దెనిమిదేళ్ళు ముంబయిలో బాసండ్లు తోమి వచ్చింది. "ఆడ నా పేరు ఎవ్వలకు తెల్వది, అందరికి బాయే" అన్నది. బాయి అంటే మరాఠీలో గౌరవమేనని చెప్పబోయి ఆగాను. తన పేరు తెలియనివాళ్ళు ఇచ్చిన గౌరవం ఆమెకు ఏ పాటిది?

మూడోది భాయి. అన్నదమ్ముడు. సంస్కృత భ్రాతృ నుంచి వచ్చింది. ఆ భకారపు ఒత్తు మా నోళ్ళల్లో అంతగా నిలవదు, కాబట్టి వినడానికి అదీ బాయే. కాని ఎక్కడికి పోయినా దాని విలువ తగ్గలేదు. ఆటోవాడూ భాయే, నాయకుడూ భాయే. ఒకే చప్పుడుతో మూడు మాటలు, మూడు పుట్టుకలు. మగవాణ్ణి పిలిచేది ఉన్నచోటనే ఉంది. ఆడదాన్ని పిలిచేది రాణి దగ్గర మొదలై పాచిపని దాకా దిగింది. నీళ్ళది, బొగ్గుది మగవాడి పట్టాగా, మగవాడి జీతంగా మారింది. ఒక మాట అర్థం దానికది మారదు. ఆ మాట ఎవరి మీద పడిందో, వాళ్ళ బతుకు మారితే మాట మారుతుంది.

చట్టం మాత్రం కొంచెం కదిలింది. 2019 జనవరి 29న కేంద్రం మినహాయింపు ఇచ్చి, సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజరు పనుల్లో ఆడవాళ్ళు పగటిపూట భూగర్భంలోకి దిగవచ్చన్నది. 2021లో జార్ఖండ్‌లోని చురీ భూగర్భ గనిలో ఆకాంక్షా కుమారి ఇంజనీరుగా చేరింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు ఆడవాళ్ళ ఒప్పుదలతో ఆ తలుపు ఇంకొంచెం తెరిచాయి. మా చెల్లె ఆ వార్త విని "గిప్పుడా?" అన్నది. అంతకుమించి ఏమీ అనలేదు.

ఇక నా హాజరు పట్టీ. 2009లో నేను బదిలీ మీద మంచిర్యాలలో ఉండగా ఒక అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. 1996లో "బాయీ, నీళ్ళకు పోత" అన్న పిల్లే. కుల ధ్రువపత్రంలో ఆమె పేరు బాయితో ఉంది. బడి కాగితాల్లో బాయి లేదు. ఇద్దరూ ఒకరేనని రుజువు చేసుకోవడానికి ఆమె ఏడాదిగా తిరుగుతోంది. అంగన్‌వాడీ ఉద్యోగం ఒకటి అప్పటికే పోయింది. పాత పట్టీలు నా చేతిరాతలో ఉన్నాయి కాబట్టి, నేను సాక్ష్యం రాసిస్తే పని అవుతుందని ఎవరో చెప్పారట. రాసిచ్చాను. క్షమించమని అడిగాను. ఆమె నా మీద కోపంగా లేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. మా వైపు కూడా ఇదే పని జరుగుతూ వచ్చింది. రాజవ్వ రాజేశ్వరి అయింది, లచ్చవ్వ లక్ష్మి అయింది. అవ్వ, బాయి అనేవి చదువు రాని పేర్ల తోకలని మనం అనుకున్నాం. కత్తిరించిన ఆ తోకలోనే వాళ్ళమ్మ, వాళ్ళమ్మమ్మ, ఏ నేల మనుషులో, అన్నీ ఉన్నాయి.

పోయేముందు నేను అలవాటుగా "మంచినీళ్ళు తాగుతవా?" అని అడిగాను. ఆమె నవ్వి, "ఏ బాయివి, బాయీ?" అన్నది. పదమూడేళ్ళు గుర్తుపెట్టుకుంది. నా దగ్గర ఉన్నవి నల్లా నీళ్ళు. అవే ఇచ్చాను.

ఆ తర్వాత నేను ఏ పట్టీ రాసినా పేరు పూర్తిగా అడిగి, వాళ్ళు పలికినట్టే రాశాను. బాయి అంటే బాయి. అవ్వ అంటే అవ్వ. మా మేనత్త పేరు మా ఇంటి కాగితాల్లో ఎక్కడా లేదు కాబట్టి ఇక్కడైనా రాయాలని ఉంది. కాని ఆమె బతికి ఉండగా ఆమెను అడిగి రాసుకున్నవాళ్ళం కాము. ఇంట్లో అందరూ ఆమెను "పెద్దది" అని పిలిచారు. ఈ వ్యాసం రాసేటప్పుడు మా బాపును అడిగాను, అసలు పేరు ఏమిటని. ఆయన చాలాసేపు ఆలోచించి చెప్పాడు. దాన్ని నా దగ్గర ఉంచుకుంటున్నాను. ఆమె పడ్డది అని మాత్రం ఇక ఎన్నడూ అనను.